ఒక మనిషి, ఒక కారు: కొత్త నగరాలకు పాత జబ్బు

ఇళ్లు, కార్యాలయాలు, దుకాణాలు, పాఠశాలలు ఒకే చోట వెలిస్తే ఉద్యోగి నడిచే పనికి వెళ్తాడని, రహదారులపై ఒత్తిడి దానంతటదే తగ్గుతుందని మన నగర ప్రణాళికా నిపుణులు చాలాకాలంగా చెబుతూ వస్తున్నారు. అహ్మదాబాద్, గాంధీనగర్‌ల నడుమ సబర్మతి తీరాన 886 ఎకరాల్లో తలపెట్టిన గిఫ్ట్ సిటీ ఈ ఆలోచనకు దేశంలో ప్రముఖ నమూనా. ఆ నగరం తనకు తాను విధించుకున్న లక్ష్యం సామాన్యమైనది కాదు. ప్రయాణాల్లో నూటికి తొంభై పాళ్లు ప్రజా రవాణాలో సాగాలి. సొంత వాహనాల వాటా పదికి మించరాదు. కాగితం మీద ఇంతకంటే ఉదాత్తమైన సంకల్పం మరొకటి కనిపించదు.

అయితే సంకల్పానికీ ఆచరణకూ నడుమ కాలం అనే అడ్డుగోడ ఒకటి ఉంటుంది. గిఫ్ట్ సిటీలో అంతర్జాతీయ ఆర్థిక సేవల కేంద్రం 2015లో ప్రారంభమైంది. మెట్రో రైలు అక్కడికి చేరింది 2024 సెప్టెంబరు 16న. అంటే ఉద్యోగాలు ముందు వచ్చాయి, రైలు తొమ్మిదేళ్ల తర్వాత వచ్చింది. ఈ తొమ్మిదేళ్లలో ఉద్యోగంలో చేరిన యువకుడు రైలు కోసం ఎదురుచూస్తూ కూర్చోడు. బ్యాంకు రుణం తీసుకుని వాహనం కొనుక్కుంటాడు. పట్టాలు పడే నాటికి అతని ఇంటి ముందు కారు ఉంటుంది, నెలనెలా కట్టవలసిన వాయిదా ఉంటుంది, అన్నిటికంటే బలమైనదైన అలవాటు ఉంటుంది. వాయిదా కడుతున్న కారును ఇంటి దగ్గర వదిలి టిక్కెట్టు కొనుక్కోమంటే ఎవరు వింటారు? కొత్త నగరాల్లో ఒక్కొక్కరు ఒక్కో కారులో ప్రయాణించే పద్ధతిని మాన్పించడం ఎందుకింత దుర్లభమవుతున్నదో చెప్పడానికి ఈ ఒక్క వరుస చాలు.

కొందరి కారు, అందరి రోడ్డు

దేశంలో కారున్న కుటుంబాలు ఎన్ని? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి ఏడున్నర మాత్రమే. 2011 జనాభా లెక్కల్లో వ్యవసాయేతర శ్రామికులు పనికి ఎలా వెళ్తున్నారని అడిగినప్పుడు, కారు అని చెప్పిన వారు మూడు శాతం కూడా లేరు. నడిచి వెళ్తున్నామన్న వారు అయిదో వంతుకు మించి ఉన్నారు. ఈ అంకెలు పాతవే కావచ్చు, కార్లు ఆ తర్వాత పెరిగి ఉండవచ్చు. అయినా కారు ప్రయాణికులు ఈనాటికీ అల్పసంఖ్యాకులే. రహదారి మాత్రం వారికోసమే వెడల్పవుతున్నది. ఒక్క మనిషిని మోస్తున్న నాలుగైదు కార్లు ఆక్రమించే జాగాలో ఒక బస్సు యాభై మందిని మోయగలదు. ఆ బస్సు సైతం అవే కార్ల వెనుక నిలిచిపోవడం నగరవాసులకు నిత్యానుభవం.

ప్రభుత్వాలకు ఈ సంగతి తెలియక కాదు. రహదారులు తరలించవలసింది మనుషులను గానీ వాహనాలను కాదని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే విస్పష్టంగా ప్రకటించింది. రైలు స్టేషన్ల చుట్టూ ఇళ్లు, కార్యాలయాలు దట్టంగా రావాలని 2017లో కేంద్రం మరో విధానాన్ని వెలువరించింది. విధానాలకు కొదవ లేదు. కొరవడినది వాటిని భవన నిర్మాణ అనుమతి షరతుగా మార్చే తెగువ.

గురుగ్రామ్, బెంగళూరు చెప్పే పాఠాలు

గురుగ్రామ్ అనుభవం గమనార్హం. ఢిల్లీ మెట్రో అక్కడికి 2010లో చేరింది. సైబర్ సిటీ కార్యాలయాలను మెట్రోతో కలిపే ర్యాపిడ్ మెట్రో 2013 నవంబరులో మొదలైంది. అదే నెలలో ఆదివారం ఉదయాన రోడ్లను జనానికి అప్పగించే ‘రాహ్‌గిరి’ కూడా ఆరంభమైంది. 2015 సెప్టెంబరు 22న కార్లు మానేయాలంటూ కార్యాలయ ఉద్యోగులకు పిలుపునిచ్చారు. ఇవన్నీ హర్షణీయాలే. కానీ ఒక రోజు ఉత్సవం ఏడాది పొడుగునా నడిచే జీవితాన్ని మార్చదు. స్టేషన్ నుంచి కార్యాలయం దాకా సరైన కాలిబాట లేనప్పుడు, ఎనిమిది వరుసల రోడ్డు దాటడం సాహసకృత్యమైనప్పుడు, మెట్రో దిగిన ఉద్యోగి మరునాడు కారులోనే వస్తాడు. అతనిని తప్పుపట్టే అర్హత ప్రణాళిక వేసిన వారికి లేదు.

బెంగళూరుది మరో కథ. అక్కడ కార్యాలయ ప్రాంగణాలు ప్రహరీగోడల నడుమ పెరిగాయి. వెలుపలి వలయ రహదారిపై రద్దీ ఎంతకు వచ్చిందంటే, సర్జాపూర్ రోడ్డులోని విప్రో ప్రాంగణం గుండా వాహనాలను పోనివ్వాలని కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య 2025 సెప్టెంబరులో ఆ సంస్థ వ్యవస్థాపక అధ్యక్షుడు అజీం ప్రేమ్‌జీకి లేఖ రాశారు. అది సంస్థ సొంత ఆస్తి అని, న్యాయపరమైన చిక్కులు ఉన్నాయని చెబుతూ ఆయన మర్యాదగా నిరాకరించారు. ఎలక్ట్రానిక్స్ సిటీకి మెట్రో చేరింది 2025 ఆగస్టు 10న. దశాబ్దాల క్రితం వెలసిన పారిశ్రామిక కేంద్రానికి రైలు అప్పుడు వచ్చింది! ఒక ముఖ్యమంత్రి ప్రైవేటు సంస్థ గేటు తెరవమని అర్థించవలసిన స్థితి ఎందుకు దాపురించిందో ప్రతి కొత్త నగర నిర్మాత ఆలోచించాలి. వీధులను ముందు గీసి స్థలాలను ఆ తర్వాత పంచవలసిన చోట, స్థలాలను పంచేసి వీధుల కోసం వెతుక్కుంటున్నాం.

ఈ పొరపాటు మన ఒక్కరిదే కాదు. కొలంబో రేవు పక్కన సముద్రాన్ని పూడ్చి 269 హెక్టార్లలో కొత్త నగరానికి నేలను 2019 నాటికి సిద్ధం చేశారు. ఆ పక్కనే ఉన్న ఫోర్ట్ ప్రాంతాన్ని శివారు మాలబేతో కలపవలసిన జపాన్ రుణసహాయపు తేలికపాటి రైలు పథకాన్ని శ్రీలంక ప్రభుత్వం 2020లో రద్దు చేసుకుంది. నేల సిద్ధం, దారి రద్దు.

మూడు ముప్పై రెళ్లు తొంభై ఆరు

అసలు కీలకం రైలు కంటే ముందు, భవనం అడుగున ఉంది. ఢిల్లీ మాస్టర్ ప్లాన్-2021 ప్రకారం నేలమాళిగలో ఒక కారుకు, అది తిరిగే దారితో కలిపి, 32 చదరపు మీటర్ల చొప్పున లెక్కగట్టాలి. అగ్నిప్రమాద వేళ బయటపడే మార్గాలను నిర్ణయించేటప్పుడు కార్యాలయంలో ఒక మనిషికి జాతీయ భవన నిర్మాణ స్మృతి లెక్కించేది 10 చదరపు మీటర్లు. మనిషి కంటే అతని కారుకు మూడింతల చోటు! అదే మాస్టర్ ప్లాన్ వాణిజ్య భవనాల్లో ప్రతి 100 చదరపు మీటర్లకు మూడు కార్ల స్థలం ఉండాలన్నది. మూడు ముప్పై రెళ్లు తొంభై ఆరు. అంటే మనుషులు పనిచేసే ప్రతి అంతస్తుకూ దాదాపు అంతే విస్తీర్ణంలో కార్ల అంతస్తు కట్టక తప్పదు. మెట్రో సమీప ప్రాంతాలకు ఈ కొలతను తర్వాత సడలించారు గానీ, దేశంలోని అనేక నగరాల్లో నిబంధన నేటికీ ‘ఇంతకు తగ్గరాదు’ అనే చెబుతుంది తప్ప ‘ఇంతకు మించరాదు’ అని చెప్పదు.

ఈ నేలమాళిగల ఖర్చు ఎవరు భరిస్తున్నారు? అద్దె చెల్లించే ప్రతివారూ భరిస్తున్నారు. దుకాణంలో సరుకు కొనే గృహిణి భరిస్తున్నది. నడిచి వచ్చే గుమాస్తా జీతంలోంచి కనిపించకుండా కోతపడుతున్నది. ఉచిత పార్కింగ్ ఎవరికీ ఉచితం కాదని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్ షూప్ 2005లో తన గ్రంథంలో సవివరంగా నిరూపించారు. ఆయన 2025లో కన్నుమూశారు. ఆయన వాదం మాత్రం మన పురపాలక కార్యాలయాల గడప ఇంకా దాటలేదు.

మన పన్నుల విధానం సైతం కారు పక్షమే వహించింది. యజమాని సమకూర్చిన కారును సొంతానికి కూడా వాడుకునే ఉద్యోగికి ఆదాయపు పన్ను నిబంధనలు ఏళ్ల తరబడి నెలకు రూ. 1,800, పెద్ద కారైతే రూ. 2,400 మాత్రమే లాభంగా లెక్కగట్టాయి. బస్సులో, రైలులో తిరిగే ఉద్యోగికి నెలకు రూ. 1,600 దాకా ఉన్న రవాణా భత్యం మినహాయింపును 2018-19 నుంచి ఎత్తివేసి, అందరికీ వర్తించే ప్రామాణిక తగ్గింపులో కలిపేశారు. దాంతో ప్రజా రవాణాను వాడినందుకు ప్రత్యేకంగా దక్కేది ఏమీ లేకపోయింది.

మార్గం లేక కాదు

ఒక్కరు ఒక కారులో వెళ్లే పద్ధతిని తగ్గించడం అసాధ్యమేమీ కాదు. సింగపూర్ 1975 జూన్‌లో నగర కేంద్రంలోకి ఉదయపు రద్దీ వేళ ప్రవేశించే కార్లకు రోజుకు మూడు డాలర్ల రుసుము విధించింది. నలుగురు, అంతకు మించి ఎక్కిన కారుకు రుసుము మినహాయించింది. ఆ వేళల్లో కార్ల ప్రవేశం సగానికి పైగా పడిపోయింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కొత్త భవనాలకు అనుమతి కోరినప్పుడు, స్థానిక కౌంటీ ప్రభుత్వం 2000లో ఒక షరతు పెట్టింది. భవనాలు కట్టుకోండి, రద్దీ వేళ రాకపోకల సంఖ్య మాత్రం పెరగరాదన్నది. విశ్వవిద్యాలయం పార్కింగ్‌కు డబ్బు వసూలు చేసింది, ఉచిత బస్సులు నడిపింది, కారు మానిన వారికి ఎదురు సొమ్ము చెల్లించింది. ఒంటరిగా కారు నడుపుకుంటూ వచ్చే ఉద్యోగులు అంతకు ముందు నూటికి డెబ్బయి మందికి పైగా ఉండేవారు. దశాబ్దంన్నరలో యాభై దరిదాపులకు దిగివచ్చారు. కారు దేశమని పేరుపడ్డ అమెరికాలోనే ఇది సాధ్యమైంది.

ఈ రెండు ఉదాహరణల్లోనూ ఉద్బోధ లేదు, లెక్క ఉంది. ఢిల్లీలో 2016లో రెండుసార్లు, 2019లో ఒకసారి అమలైన సరి-బేసి పద్ధతిలో లోపించినది ఇదే. పక్షం రోజుల నిషేధాన్ని జనం ఓర్చుకుంటారు. అదే శాశ్వతమైతే స్తోమత గలవారు రెండో నంబరు కారు కొంటారు.

కార్లను పంచుకోవడం మాటేమిటి? ఇక్కడ మన చట్టమే అయోమయంలో ఉంది. అద్దెకు తిప్పే వాహనానికి పర్మిట్ ఉండాలని మోటారు వాహనాల చట్టం అంటుంది. సొంత కార్లలో ప్రయాణాన్ని పంచుకోవచ్చునని, రాష్ట్రాలు వద్దంటే తప్ప రోజుకు నాలుగు దఫాలు అనుమతించవచ్చునని కేంద్రం 2020 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. 2023లో బెంగళూరులో ఈ విషయమై తలెత్తిన వివాదం తెలిసిందే. పొరుగింటి ఉద్యోగిని ఎక్కించుకుని పెట్రోలు ఖర్చు పంచుకున్న వ్యక్తి నేరస్తుడో, సత్పౌరుడో తేల్చి చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వాలదే.

అభ్యంతరాలు లేకపోలేదు

రాత్రి పాళీలో పనిచేసే మహిళను చీకటిలో స్టేషన్ నుంచి నడవమనడం న్యాయమా అని అడుగుతారు. న్యాయం కాదు. అయితే ఆమెకు కావలసింది భద్రమైన వాహనం. ఒంటరి కారే కానక్కర లేదు. హైదరాబాద్ ఐటీ ప్రాంతంలో 2015లో పోలీసులు, సంస్థలు కలిసి ప్రారంభించిన ‘షీ షటిల్’ బస్సులు ఆ సంగతి రుజువు చేశాయి. మండుటెండ, వాన మరో అభ్యంతరం. చెట్లు, నీడ, నీరు నిలవని కాలిబాట దీనికి సమాధానం. ఒక నేలమాళిగకయ్యే వ్యయంతో పోలిస్తే వాటి ఖరీదు స్వల్పం. పార్కింగ్ లేకపోతే కొనుగోలుదారు రాడని బిల్డరు వాదిస్తాడు. కావలసినవాడు విడిగా డబ్బు చెల్లించి కొనుక్కోవచ్చు. వద్దన్నవాడి నెత్తిన దానిని రుద్దడమే అనుచితం.

హైదరాబాద్ విషయంలో ఈ చర్చ మనకు మరింత దగ్గరిది. సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. భవన విస్తీర్ణంపై పరిమితిని 2006లో తొలగించారు. మెట్రో రాయదుర్గం చేరేసరికి 2019 నవంబరు వచ్చింది. అప్పటికే పడమటి దిక్కున ఆర్థిక మండలం ఆకాశహర్మ్యాలతో నిండిపోతున్నది. ఎత్తుకు హద్దు తీసేసినప్పుడు, ఆ ఎత్తులోంచి సాయంత్రం ఒకేసారి దిగే వేలాది మంది ఏ దారిన పోతారన్న ప్రశ్నకు సమాధానం కూడా అప్పుడే రాబట్టవలసింది.

చేయవలసినవి అట్టే జటిలమైనవి కావు. మిశ్రమ నిర్మాణానికి అనుమతి ఇచ్చేటప్పుడే రద్దీ వేళ కార్ల రాకపోకలకు పరిమితి విధించాలి, ఏటా లెక్కించి ఆ సంఖ్యను ప్రజల ముందుంచాలి. పరిమితి దాటితే తర్వాతి దశ అనుమతిని నిలిపివేయాలి. పార్కింగ్ స్థలాన్ని అద్దె నుంచి, ఫ్లాటు ధర నుంచి వేరు చేయాలి. తొలి కుటుంబం, తొలి కార్యాలయం అడుగుపెట్టిన రోజునే బస్సు తిరగాలి. రైలు వచ్చేదాకా దాని నష్టాన్ని నిర్మాణదారే భరించాలి. ప్రధాన ద్వారం స్టేషన్ వైపు తెరుచుకోవాలి. అక్కడ పనిచేసే కాపలాదారు, పారిశుద్ధ్య కార్మికురాలు దగ్గరలో నివసించగల చిన్న ఇళ్లు కూడా ప్రణాళికలో ఉండాలి. లేకుంటే నడిచి పనికి వెళ్లే నగరమన్న మాట, ఆ ఇళ్లు కొనగలిగిన వారికే వర్తించే ప్రకటనగా మిగులుతుంది.

కట్టిన నగరాన్ని సరిదిద్దడం కష్టం. కట్టబోయే నగరానికి షరతు విధించడం సులభం, చవక. ఆ అవకాశం పునాది తవ్వకముందు ఒక్కసారే వస్తుంది. కొత్త నగరాలకు అనుమతి పత్రాలపై సంతకాలు చేస్తున్న ప్రభుత్వాలు ఈ సంగతిని గుర్తుంచుకుంటాయని ఆశిద్దాం.