ఫైలు మారినా పాత చిరునామా చెల్లాలి

గోరిమేడులోని జిప్‌మర్ చిరునామాలో కొందరు గోరిమేడు అని రాస్తారు, కొందరు ధన్వంతరి నగర్ అంటారు. ఏది రాసినా ఉత్తరం చేరుతుంది. సాఫ్ట్‌వేర్ లైబ్రరీలకూ ఈపాటి మర్యాద ఉండాలంటాను.

ఇక్కడ చిరునామా అంటే ఇంపోర్ట్ వరుస. ఫలానా ఫైలులోని ఫలానా పనిముట్టు కావాలని మన ప్రోగ్రాము అడిగే మాట అది. ఫైలును కదిపితే ఆ అడగడం వృథా.

పైథాన్‌లోని సైకిట్-లెర్న్ 2016లో, 0.18 వెర్షన్‌లో, 'క్రాస్ వాలిడేషన్' పనిముట్లను 'మోడల్ సెలెక్షన్' విభాగంలోకి మార్చింది. పాత పేరును మాత్రం వెంటనే తీసేయలేదు. హెచ్చరిస్తూనే 2018లో 0.20 వచ్చేదాకా పనిచేయనిచ్చింది.

ఇదేమంత కష్టం కాదు. అసలు కోడ్‌ను తరలించి, పాత ఫైలులో కొత్త చోటి నుంచి ఇంపోర్ట్ చేసే ఒకటి రెండు వరుసలు వదిలితే చాలు. కోడ్‌ను రెండుచోట్లా కాపీ చేస్తేనే చిక్కు: ఒకే క్లాసు రెండవుతుంది, ఒకదాని ఆబ్జెక్టును రెండోది తనదని గుర్తించదు. హెచ్చరిక ఎవరి కంట పడుతుందో కూడా చూడాలి. పైథాన్‌లో 'డెప్రికేషన్ వార్నింగ్' చాలాసార్లు కనబడకుండానే పోతుంది. వాడేవారికైతే 'ఫ్యూచర్ వార్నింగ్' నయం.

ఫైళ్ళు సర్దవద్దని కాదు. వేల వరుసల ఫైలులో తప్పు వెతకడం ఎంత నరకమో నాకూ తెలుసు. కానీ రెండేళ్ళ కిందటి స్క్రిప్టును థీసిస్ గడువు ముందురోజు మళ్ళీ నడిపే విద్యార్థికి మన సర్దుడుతో ఏం పని? అతను పికిల్‌గా దాచుకున్న మోడల్ కూడా పాత దారినే వెతుక్కుంటుంది. ఆ దారి మూసేముందు కనీసం రెండు విడుదలల గడువివ్వాలి. అప్పటిదాకా పాత ఇంపోర్టులన్నిటినీ నడిపి చూసే పరీక్ష ఒకటి ఉండాలి.