జీవాల యింటి ఆడపిల్ల చదువు

ఒగ్గుకథకులు బీరప్ప కథ నెత్తుకొని, అడవిపాలైన పసివానిని అక్క మహంకాళి సాకిన ఘట్టమును పాడునపుడు తల యూపని గొల్లకురుమ లుండరు. తమ్ముని పెంచిన అక్కను దేవతగ కొలుచు ఆ యిండ్లలో, తమ్ముని ఎత్తుకొనుటకై బడి మానిన అక్కలు నేటికిని గలరు. వరంగల్ చుట్టుపట్ల పల్లెలలో అట్టి పిల్ల కనబడగానే తల్లిదండ్రుల అజ్ఞానమును నిందించుట మన విద్యావంతులకు అలవాటైపోయినది. నేనీ నింద నొప్పుకొనను.

ముందు ఆ యింటి పని యెట్టిదో చూడవలెను. మగవారు తెల్లవారి జీవాలను తోలుకొని పోవుదురు. వేసవి ముదిరి గడ్డి అడుగంటినపుడు కొన్ని మందలు గోదావరి వైపునకును, ఏటూరునాగారం అడవుల వైపునకును సాగి, తొలకరికి గాని మరలవు. దారిలో రైతుల చేలలో మంద పెట్టి, ఆ యెరువునకు మారుగ గింజలో రొక్కమో పుచ్చుకొందురు. మందతో నడువలేని కూనలును, జబ్బు జీవాలును ఇంటి దొడ్డిలో నిలుచును. వానికి మండలు నరికి తెచ్చి వేయవలెను, నీళ్లు పెట్టవలెను. మంద ఇంట నున్న దినములలో, ప్రొద్దున అది కదలక మునుపే గంప క్రింది పిల్లలను విడిచి, ఏ పిల్ల ఏ తల్లిదో తప్పకుండ పాలు కుడిపింపవలెను. తల్లి చేరనీయని కూనను ఒడిలోనికి తీసికొని వేరొక గొర్రె పొదుగునకు బలవంతముగ పట్టవలెను. పండ్రెండేండ్ల పిల్ల అరుపును బట్టియే తల్లీబిడ్డల ఆనవాలు పట్టగలదు. (ఇంతటి జ్ఞాపకశక్తి గల పిల్లను బడిలో వెనుకబడినదని వ్రాసికొనుట మన పరీక్షల చమత్కారము.) ఈ పని ముగియునప్పటికి బడిలో ప్రార్థన గంట కొట్టి చాలసేపై యుండును. అది చాలదన్నట్లు, దసరా దాటినది మొదలు తల్లి పత్తి యేర కూలికి పోవును. పత్తి యైన వెనుక మిరపతోట. ఇంటనున్న చంటివాడు ఎవరి చంక నుండవలెను?

ఆడపిల్ల యగుట చేతనే చదువు పోవుచున్నదనుట సగము సత్యమే. మంగోలియాలో 1990 తరువాత సమష్టి మందలు కుటుంబముల పరమైనపుడు బడి మానినవారిలో మగపిల్లలే హెచ్చు. ఆడపిల్లలు వారిని మించి చదివిరి. అచట మంద వెంట పోవుటకు కొడుకు కావలసి వచ్చినాడు, ఇచట దొడ్డి కాచుటకు కూతురు కావలసి వచ్చినది. పని బరువు ఎవరి మీద పడినదో చూడక పిల్లల చదువును గూర్చి చేయు ఉపన్యాసములు ఆ వాకిట వినిపింపవు.

మన ప్రభుత్వము 2017లో గొర్రెల పంపిణీ నారంభించి, సహకార సంఘముల సభ్యులకు 75 శాతము రాయితీపై 20 గొర్రెలను, ఒక పొట్టేలును ఇచ్చినది. ఆ సంవత్సరముననే వెనుకబడిన తరగతుల పిల్లలకై మహాత్మా జ్యోతిబా ఫూలే పేర 119 గురుకులములను తెరచినది. రెండును మంచి పనులే. కాని ఒక శాఖ ఆ యింట మేపవలసిన నోళ్లను పెంచినది, మరియొక శాఖ ఆ యింటి పిల్లను చదువ రమ్మన్నది. ఆ కూనలను ఇక నెవరు చూతురని ఆ రెండు శాఖలు ఒకచోట కూర్చుండి యడిగికొన్న జాడ లేదు.

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము, ఆలస్యముగ వచ్చిన బిడ్డకు ప్రవేశము నిరాకరింపరాదనియు, బదిలీ పత్రము జాప్యమైనదను నెపమున బడిలో చేర్చుకొనుట ఆపరాదనియు స్పష్టముగనే చెప్పుచున్నది. అయినను వసతితో కూడిన బడులలో ప్రవేశముల సందడి యంతయు వేసవి సెలవులతోనే ముగియును. ఈ పిల్లకు వసతి కావలసినదో, తల్లి పత్తిచేనికి పోవు కార్తికమునను, తండ్రి మందతో సాగు ఎండకాలమునను. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములు ఇట్టి బాలికలకొరకే పుట్టినవి. వానిలో మండలమునకు కొన్ని పడకలైనను ఈ నడిమి నెలలకై ఖాళీగ నుంచుట పెద్ద వ్యయము కాదు. చట్టము 14 ఏండ్లకే చేయి విడుచును గనుక తొమ్మిదవ తరగతి మరింత గడ్డు కాలము: ఉన్నత పాఠశాల పొరుగూరిలో నుండును, పెండ్లి మాటలు ఇంటిలో నడచుచుండును. వసతిగృహమునకు పంపుటకు తల్లి వెనుకాడిన, ఆ జంకును వెక్కిరింపక ప్రహరీగోడ, స్నానపుగదుల గడియలు ముందు చూపవలెను.

వసతి గల చదువు ఈ జిల్లాకు క్రొత్త గాదు. 1971లో సర్వేలులో గురుకుల పాఠశాలను నెలకొల్పిన ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు ఇచ్చటి లక్నేపల్లిలో జన్మించినవారు. పాపయ్యపేట కురుమల యింట పుట్టిన కంచ ఐలయ్య ఉస్మానియాలో ఆచార్యులైనారు. ఆ యిండ్లలోనే పుట్టిన ఆడపిల్లలలో అంత దూరము నడచినవారి పేర్లు చెప్పవలసి వచ్చినచో మనము తడుముకొందుము.

ఎవరు బడికి పోవుట లేదో తెలిసికొనుటకు క్రొత్త సర్వే అక్కరలేదు. గొర్రెలకు నట్టల మందు పోయించు దినమున పశువైద్య సిబ్బంది ఊరూర తిరిగి, ఏ మందలో ఎన్ని జీవాలున్నవో లెక్క వ్రాసికొందురు. ఆ కాగితముననే ఆ యింట బడియీడు పిల్లలెందరు, వారిలో ఇంటిపట్టున నున్నదెవరు అను రెండు గళ్లు చేర్చి, దసరా సెలవులు ముగియకమునుపే మండల విద్యాధికారి బల్లపైకి చేర్చినచో, పత్తి యేరుట మొదలగునాటికి ఆ పిల్లకొక పడకయు, ఆ చంటివానికి అంగన్‌వాడీలో సాయంత్రము వరకు చోటును చూపవచ్చును.