తఖ్దీర్ కాదు, ఒక నంబరు

"మీ బిడ్డ ఐక్యూ 85" అని కాగితం చేతికిస్తే, అమ్మీ-అబ్బాలు అదే తఖ్దీర్ అనుకుంటున్నారు. నేనొప్పుకోను.

1905లో పారిస్‌లో బినే, సిమోన్ ఈ ఇంతెహాన్ తయారుచేసింది బడిలో ఏ బిడ్డకు మదద్ కావాలో తెలుసుకోడానికి. అమెరికావాళ్ళు దాన్ని ఫైసలాగా మార్చారు. 1917లో ఫౌజులో చేరినవాళ్ళను అక్కడి కంపెనీల సరుకుల గురించి కూడా అడిగారు. మొన్న ఓడ దిగిన గరీబుకు అవేం తెలుసు? తెలియకపోతే దిమాగ్ తక్కువట! ఇదేం ఇన్సాఫ్?

ఇప్పటి లెక్కలో 100 అంటే నూటికి నూరు కాదు, ఆ ఈడు పిల్లల సగటు. వందమందిలో దాదాపు 16 మంది 85కు కిందే ఉంటారు.

ఆ నంబరుతో ఔలాద్‌ను తూచకండి. "మా బిడ్డకు ఎక్కడ మదద్ కావాలి?" అని నిలదీసి అడగండి. బినే సవాల్ అదే.