ఓటు వేసింది వాళ్లు, ముద్ర వేయాల్సింది ఇంకెవరో!

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు రెండు లెక్కలు చూడండి.

మొదటిది, 2019. పసిఫిక్ సముద్రంలో బోగన్‌విల్ అనే దీవి. పాపువా న్యూగినీ దేశంలో భాగంగా ఉండి ఇంకొంచెం ఎక్కువ స్వయంపాలన తీసుకుంటారా, లేక స్వతంత్ర దేశం కావాలా అని అడిగారు. పోలింగ్ 87 శాతం. స్వాతంత్ర్యానికి 1,76,928 ఓట్లు, స్వయంపాలనకు 3,043. చెల్లిన ఓట్లలో 98 శాతం ఒకవైపే. దీన్ని ఏమన్నారు? 'ఇది ప్రజాభిప్రాయం మాత్రమే, అసలు నిర్ణయం పార్లమెంటుది' అన్నారు.

రెండోది, 2021. అదే పసిఫిక్‌లో ఫ్రాన్స్ ఏలుబడిలో ఉన్న న్యూ కాలెడోనియా. అక్కడి ఆదివాసులు కనక్‌లు. కోవిడ్‌తో ఇంటింటా చావులు, సంతాప దినాలు, ఓటింగ్ వాయిదా వేయండి అని మొత్తుకున్నారు. వినలేదు. వాళ్లు బహిష్కరించారు. పోలింగ్ 44 శాతం కూడా దాటలేదు. వేసిన ఓట్లలో 96.5 శాతం స్వాతంత్ర్యం వద్దన్నాయి. దీన్ని ఏమన్నారు? 'ఇదే ప్రజల తుది తీర్పు' అన్నారు.

ఒకచోట జనమంతా వచ్చి చెప్పినా అది సలహా. ఇంకోచోట సగం మంది కూడా రాకుండా తేలినా అది తీర్పు. మరి ఇదేం లెక్క?

రెండు దేశాలు వేరు, రెండు ఒప్పందాలు వేరు, నిజమే. కానీ ఫలితం ఎవరికి అనుకూలమో చూడండి, లెక్క అర్థమైపోతుంది. ఈ లెక్క మనకు కొత్తా?

ఈమధ్య మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల మాటలు వినపడుతున్నాయి. ఒకటి: 'చూశారా, చిన్న దీవి వాళ్లు 98 శాతం ఓటేసి గెలిచేశారు, మనం చేతకానోళ్లం' అని. రెండోది: 'ఓట్లు, తీర్మానాలు, గ్రామసభలు అన్నీ దండగ, ఎవడు వింటాడు' అని. నేను రాసేది ఈ రెండు మాటల మీదా కొట్లాటకే. రెండూ తప్పే. ఎందుకో బోగన్‌విల్ కథలోనే ఉంది.

ఆఫీసు గోడల మీద పాకే కాగితం పూల తీగ మీకు తెలుసు. ఆ తీగకీ ఈ దీవికీ బయట ఊళ్లలో ఒకటే పేరు. 1768లో ఆ దారిన ఓడలో పోయిన ఒక ఫ్రెంచి నావికుడి పేరది. పేరే ఎవరిదో అయినప్పుడు ఏలుబడి వాళ్లదెట్లా ఉంటది? ముందు జర్మనీ, తర్వాత ఆస్ట్రేలియా ఏలాయి. 1975లో పాపువా న్యూగినీ స్వతంత్రమైనప్పుడు దీవిని ఆ దేశంలో కలిపారు. దానికి రెండు వారాల ముందే, సెప్టెంబరు 1న, మేం వేరే అని బోగన్‌విల్ వాళ్లు ప్రకటించుకున్నారు. ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే అప్పటికే అక్కడ గని నడుస్తోంది.

పంగునా రాగి గని. 1972లో మొదలైంది. ఇప్పుడు రియో టింటో అని మనం వింటున్న కంపెనీదే దాంట్లో పెత్తనం. కొత్త దేశానికి వచ్చే ఎగుమతి ఆదాయంలో 40 శాతం పైచిలుకు ఈ ఒక్క గొయ్యి నుంచే. మరి నేల ఎవరిదో వాళ్లకి ఎంత? ఎగుమతి విలువలో రాయల్టీ 1.25 శాతం. ఆ రాయల్టీలో భూమి సొంతదారుల వాటా 5 శాతం. వేళ్ల మీద లెక్కేసుకోండి: వంద రూపాయల రాగి పోతే ఆరు పైసలు. పైన మట్టి మీదే, కింద ఖనిజం సర్కారుది అని చెప్పారు వాళ్లకి. ఈ మాట మన ఏజెన్సీలో ఎన్నిసార్లు విన్నామో గుర్తు చేసుకోండి.

ఆ దీవిలో చాలాచోట్ల భూమి తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. అందుకే 1969లో గని ఓడరేవు కోసం రొరోవానా ఊరి భూమి కొలవడానికి వచ్చినప్పుడు ముందు నిలబడింది ఆడవాళ్లే. పోలీసులు లాఠీలు, బాష్పవాయువు వాడారు. గని ఆగలేదు. తర్వాతి ఇరవై ఏళ్లలో వంద కోట్ల టన్నులకు పైగా గని వ్యర్థం కవెరాంగ్, జాబా నదుల్లోకి వదిలారు. చేపలు తినే నది, స్నానం చేసే నది, పసర రంగుకి తిరిగింది.

1988లో ఆ గనిలోనే పనిచేసిన ఫ్రాన్సిస్ ఓనా అనే మనిషి తిరగబడ్డాడు. కరెంటు టవర్లు పేల్చారు. 1989లో గని మూతపడింది. అక్కడి నుంచి పదేళ్ల యుద్ధం. దీవి చుట్టూ దిగ్బంధం, మందులు లేవు, ఉప్పు లేదు. కొబ్బరి నూనెతో బండ్లు నడుపుకున్నారు. 15 నుంచి 20 వేల మంది చనిపోయారని అంచనా. ఆ దీవిలో ఇప్పుడున్నదే మూడు లక్షల చిల్లర జనం. మన ఏజెన్సీలో ఐదారు పెద్ద మండలాలంత. ఏ ఇంట్లో శవం లేవకుండా ఉంటుంది చెప్పండి?

కాబట్టి 'ఓటేసి గెలిచేశారు' అనేవాళ్లకి నా మాట ఇది. ఆ ఓటు ఒక్కరోజులో రాలేదు. 2001లో శాంతి ఒప్పందం కుదిరింది. అందులో మూడు మాటలు: ఆయుధాలు దించాలి, స్వయంపాలన ఇవ్వాలి, పది పదిహేనేళ్లలో ప్రజల ఓటు పెట్టాలి. కానీ నాలుగో మాట కూడా ఉంది. ఓటు తర్వాత రెండు ప్రభుత్వాలు సంప్రదించుకోవాలి, ఆఖరికి పాపువా న్యూగినీ పార్లమెంటు ఆమోదించాలి. ఆ ఒక్క ముడి దగ్గరే కథ ఆగింది. 2019లో ఓటేశారు. ఆమోదానికి మామూలు మెజారిటీ చాలా, మూడింట రెండొంతులు కావాలా అని ఏళ్ల తరబడి వాదన నడిచింది. ఓటేసిన ముసలివాళ్లు కొందరు ఆ ఆమోదం చూడకుండానే పోయారు.

ఆ నాలుగో మాటకి ఒప్పుకున్నందుకు వాళ్లని తప్పుపట్టే హక్కు మనకి లేదు. చావులు ఆపడానికి ఒప్పుకున్నారు. కానీ పాఠం మనది. సంప్రదింపు వేరు, సమ్మతి వేరు. సంప్రదింపు అంటే నిన్ను అడిగి, తర్వాత వాడు అనుకున్నది చేయడం. సమ్మతి అంటే నువ్వు వద్దంటే ఆగిపోవడం.

మన చట్టాల్లోకి రండి. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూసేకరణకి ముందు గ్రామసభని 'సంప్రదించాలి' అంటుంది. 2013 భూసేకరణ చట్టం ఒక మెట్టు ఎక్కి 'ముందస్తు సమ్మతి' అంది. 2006 అటవీ హక్కుల చట్టం తర్వాత, 2009లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు అడవిని వేరే పనికి ఇవ్వాలంటే గ్రామసభ ఒప్పుకోలు కావాలంది. 2022లో అటవీ నిబంధనలు మార్చి, ముందు ఢిల్లీలో అనుమతి, ఆ తర్వాత రాష్ట్రం చూసుకుంటుందిలే అన్నట్టు చేశారు. పెళ్లి నిశ్చయం చేసి, భోజనాలు వండి, ఆఖర్న పిల్లని అడిగినట్టు. మాట ఒక్కటి మారితే చాలు, కొండ మారిపోతుంది.

అసలు అడగని సంగతి ఇంకొకటి. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాల ఊళ్లని తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. పోలవరం ముంపు కోసం. కోయ గూడేలు రాత్రికి రాత్రి రాష్ట్రం మారాయి. ఓటు పెట్టారా? మూడు లక్షల మంది దీవికి దేశం ఏదో చెప్పమని ఓటిచ్చారు, మన వాళ్లకి రాష్ట్రం ఏదో చెప్పమని కూడా అడగలేదు. మనం ఎవరమూ దేశం నుంచి విడిపోతామనట్లేదు. ఈ రాజ్యాంగంలోనే ఐదో షెడ్యూల్ ఉంది, దాన్ని అమలు చేయమంటున్నాం. అంతే.

ఇక రెండో రకం వాళ్లకి, 'తీర్మానాలు దండగ' అనేవాళ్లకి. 2013లో ఒడిశా నియమగిరి మీద సుప్రీంకోర్టు గ్రామసభల మాట వినమంది. వందకు పైగా ఊళ్లుంటే ప్రభుత్వం పన్నెండే ఎంచింది. పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. డోంగ్రియా కోందుల కొండ మీద బాక్సైట్ గని రాలేదు. 2016లో మళ్లీ సభలు పెట్టించాలని కోర్టుకెళ్లారు, కుదరలేదు. మన దగ్గర 1997 సమతా తీర్పు ఏజెన్సీ భూమిని ప్రైవేటు గనులకి ఇవ్వకూడదంది. దండగైతే మన సంతకం కోసం వాళ్లు అన్ని తిప్పలు ఎందుకు పడతారు? తీర్మానం పుస్తకం ఊరివాళ్ల దగ్గర కాకుండా కార్యదర్శి సంచిలో ఎందుకు ఉంటుంది? రేషన్ సంతకమని, ఉపాధి హామీ సంతకమని ఖాళీ పేజీ కింద వేలిముద్రలు ఎందుకు తీసుకుంటారు? విలువ లేనిదాన్ని ఎవరూ దొంగిలించరు.

బోగన్‌విల్ నుంచి ఇంకో హెచ్చరిక కూడా ఉంది, దాచొద్దు. 2015లో వాళ్లు సొంత గనుల చట్టం చేసుకుని నేల కింది ఖనిజం మీద సంప్రదాయ భూ యజమానులకి హక్కు రాసుకున్నారు. గొప్ప పనే. కానీ స్వతంత్ర దేశం నడవాలంటే డబ్బు కావాలి, డబ్బుకి మళ్లీ అదే పంగునా తెరవాలి అని వాళ్ల సొంత నాయకులే అంటున్నారు. ఆ నదుల ఒడ్డున ఊళ్లు ఇంకా ఆ విషంతోనే బతుకుతున్నాయి. జెండా మనదైనంత మాత్రాన గొయ్యి పూడదు. రేపు మన ఎమ్మెల్యే, మన సర్పంచి, మన కులపెద్ద వచ్చి 'మనోళ్లదే గని' అన్నా అడగాల్సిన ప్రశ్న అదే: నీళ్లు ఎటు పోతాయి, ఆరు పైసలు ఎవరికి?

2027 సెప్టెంబరు 1న స్వతంత్రం అని బోగన్‌విల్ ప్రభుత్వం తేదీ పెట్టుకుంది. 1975లో వినిపించుకోని తేదీ అదే. వాళ్లు మర్చిపోలేదు. మనం వాళ్ల నుంచి నేర్చుకోవాల్సింది ఆ పట్టుదల.

కాబట్టి ఈ నెలలోనే పని మొదలుపెట్టండి. మీ గూడెం తీర్మానం పుస్తకం ఎక్కడుందో కనుక్కోండి. ప్రతి పేజీ ఫోన్‌లో ఫోటో తీయండి. ఖాళీ పేజీ కనపడితే గీత కొట్టించండి. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం గ్రామసభకి కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. లెక్కపెట్టండి. కోయలో, గోండిలో, కువిలో మాట్లాడించండి, అర్థమయ్యాకే సంతకం. 'సంప్రదించాం' అని రాస్తే ఒప్పుకోవద్దు. 'ఊరు ఒప్పుకుంది' అనో, 'ఊరు ఒప్పుకోలేదు' అనో రాయించండి.

కొమురం భీం మనకి నేర్పిన జల్, జంగల్, జమీన్‌కి నాలుగో మాట కలుపుకుందాం: మన సమ్మతి. అది లేకుండా ఆ మూడూ ఉండవు.

మావ నాటే, మావ రాజ్!
జై ఆదివాసీ!