మ్వేపు తన్నిన బంతి

ప్రపంచకప్ వచ్చినప్పుడల్లా ఒక పాత వీడియో మళ్లీ తిరగడం మొదలవుతుంది. 1974 జూన్ 22, పశ్చిమ జర్మనీలోని గెల్సెన్‌కిర్చెన్. బ్రెజిల్‌కు ఫ్రీకిక్ దొరికింది. వాళ్లు బంతిని తాకకముందే, జైర్ ఆటగాళ్లు కట్టిన గోడలోంచి డిఫెండర్ మ్వేపు ఇలుంగా దూసుకొచ్చి దాన్ని దూరంగా తన్నేశాడు. రెఫరీ ఎల్లో కార్డు చూపాడు. లోకం పడీపడీ నవ్వింది. పాపం, రూల్సు కూడా తెలియకుండా వచ్చేశారు అని కామెంటరీలోనే తీర్పు పడిపోయింది. నేటికీ దాన్నే వల్లిస్తున్నారు.

ఇంతకీ ఎవరీ రూల్సు తెలియనివాళ్లు? నేటి కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్‌కు అప్పటి పేరు జైర్. 1968లో ఘనాను ఓడించి ఆఫ్రికా కప్ గెలిచిన దేశం. 1974 మార్చిలో కైరోలో జాంబియాతో ఫైనల్ 2-2తో తేలకపోతే, మళ్లీ ఆడి 2-0తో నెగ్గింది. ఆ నాలుగు గోల్సూ ఎన్‌డాయె ములాంబావే. టోర్నీ మొత్తంలో అతను కొట్టిన 9 గోల్స్ రికార్డును ఇప్పటికీ ఎవరూ అందుకోలేదు. కామెరూన్, ఘనా, మొరాకోలను దాటుకుని ప్రపంచకప్‌కు వచ్చారు. ఇన్ని మ్యాచుల్లో ఒక్క ఫ్రీకిక్కయినా పడలేదనుకోవాలా?

మరి అదే ప్రపంచకప్‌లో యుగోస్లావియా చేతిలో 9-0 మాటేమిటంటారు. ఓడారు, చిత్తుగా ఓడారు. కానీ మొదటి మ్యాచ్‌లో స్కాట్లండ్‌తో 2-0 దాకా నిలబడ్డ జట్టు నాలుగు రోజుల్లో ఆట మరిచిపోదు కదా. తమకు రావలసిన డబ్బు చేతికి రాదని వాళ్లకు ఈలోపే తెలిసింది. అసలు ఆడబోమని మొరాయించారు. ఆ యుగోస్లావియా మ్యాచ్‌లోనే ఇంకో ముచ్చట. రెఫరీని తన్నింది మ్వేపు అయితే, మైదానం నుంచి బయటికి పంపింది ములాంబాను! వీపు మీద నంబర్లున్నా ఒక నల్లవాణ్ని ఇంకొకడి నుంచి వేరుగా పోల్చుకోలేకపోయారు. ఆ అజ్ఞానం మీద వీడియోలు తిరగవు.

ఆ తర్వాత అధ్యక్షుడు మొబుటు మనుషులు వచ్చి, బ్రెజిల్ చేతిలో నాలుగు గోల్స్ తేడాతో ఓడితే ఇంటికి రానివ్వబోమని బెదిరించారని మ్వేపు చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. మ్యాచ్ 3-0తో ముగిసింది.

అతని మాటలు అన్ని ఇంటర్వ్యూల్లోనూ ఒక్కలా లేవు, నిజమే. ఒకచోట బెదిరింపు గురించి చెప్పాడు. మరోచోట, లాభపడేవాళ్లు గ్యాలరీలో కూర్చుంటే మేమెందుకు దెబ్బలు తినాలి, కావాలనే తన్నానన్నాడు. భయమా, కోపమా, రెండూనా అని వాదించుకోవచ్చు. రూల్ మాత్రం తనకు బాగా తెలుసనే చెప్పాడు. అతన్ని అడగకముందే నవ్వేసినవాళ్లకు ఆ జవాబు అక్కర్లేకపోయింది.