కంటి పరీక్షలో అడగాల్సిన ఒక ప్రశ్న

పశ్చిమ ఢిల్లీలోని జనక్‌పురిలో కళ్లజోళ్ల దుకాణాలున్నాయి. ఢిల్లీ రాష్ట్ర క్యాన్సర్ సంస్థ పశ్చిమ విభాగమూ అక్కడే ఉంది. ఒకచోట చూసేది అద్దాల నంబరు, మరోచోట చూసేది కణితి. కానీ శరీరానికి ఈ విభజన తెలియదు. రొమ్ములోనో ఊపిరితిత్తిలోనో మొదలైన క్యాన్సర్ కంట్లో బయటపడవచ్చు.

ఎందుకు? కంటి తెల్లపొరకూ రెటీనాకూ మధ్య కోరాయిడ్ అనే పలుచని పొర ఉంటుంది. బరువుతో పోల్చి చూస్తే, శరీరంలో రక్తం అత్యధికంగా అందే కణజాలాల్లో అదొకటి. రక్తంతో కొట్టుకొచ్చిన క్యాన్సర్ కణాలు అక్కడ పాతుకుపోతే, చుట్టూ నీరు చేరి రెటీనా పైకి లేస్తుంది. చూపు మసకబారుతుంది, మెరుపులు, నల్లచుక్కలు కనిపిస్తాయి. చాలాసార్లు నొప్పి ఉండదు. అందుకే నంబరు మారిందనుకుని కొత్త అద్దాలు తీసుకునే వీలుంది.

కణితి కంటి గుంతలో పెరిగితే కన్ను ముందుకు పొడుచుకొస్తుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో కణజాలం బిగుసుకుపోయి కన్ను లోపలికి పోతుంది. అరుదుగా రెప్ప మీద నొప్పిలేని గట్టి గడ్డ వస్తుంది. దాన్ని మామూలు కంటికురుపు అనుకోవడం సులువు. ఊపిరితిత్తి పైకొనలోని కణితి నరాన్ని నొక్కితే కంటికి ఏమీ పాకకుండానే రెప్ప కాస్త వాలుతుంది, కనుపాప చిన్నదవుతుంది. దీనినే హార్నర్ సిండ్రోమ్ అంటారు.

ఫిలడెల్ఫియాలోని విల్స్ కంటి ఆసుపత్రి వైద్యులు ఇలా కంట్లోకి క్యాన్సర్ పాకిన 420 మంది వివరాలను 1997లో ప్రచురించారు. వారిలో దాదాపు మూడో వంతు మందికి అంతకుముందు క్యాన్సర్ ఉన్న సంగతే తెలియదు. అంటే మొదటి కబురు కన్నే చెప్పింది.

అలాగని మసకబారిన ప్రతి కన్నునూ అనుమానించనక్కర్లేదు. యాభై దాటినవారిలో ఎక్కువగా అది శుక్లమో నంబరు మార్పో అవుతుంది. జనాన్ని భయపెట్టడం ఎవరికీ మేలు కాదు. అయితే ఒక్క ప్రశ్న అడగడానికి ఖర్చేమీ లేదు: ‘ఇంతకుముందు క్యాన్సర్‌కు చికిత్స తీసుకున్నారా?’

ఈ ప్రశ్న ఢిల్లీ తెలుగు కుటుంబాలకు మరీ అవసరం. ఊరి నుంచి కొడుకు ఇంటికి వచ్చిన తల్లి పాత ఫైలు రాజమండ్రి బీరువాలోనే ఉండిపోవచ్చు. ఏడేళ్ల కిందటి రొమ్ము ఆపరేషన్‌కూ నేటి మసకకూ సంబంధం ఉంటుందని ఆమెకు తోచదు. అడగనిదే చెప్పదు.

అందుకే కంటి పరీక్ష చీటీలో ఈ ప్రశ్న అచ్చవ్వాలి. జవాబు ‘అవును’ అయితే, చుక్కలు వేసి కంటి వెనుక భాగాన్ని చూసే వైద్యుని దగ్గరకు వెంటనే పంపాలి. క్యాన్సర్ వైద్యులూ ప్రతిసారీ చూపు ఎలా ఉందని అడగాలి.

వ్యాధి అప్పటికే పాకింది కదా, ఇక చూసి ప్రయోజనమేమిటని కొందరు అనవచ్చు. రేడియేషన్, మందులతో చాలామందిలో చూపు నిలుస్తుంది. మిగిలిన కాలంలో మనవడి ముఖం చూడగలగడం, సాయం లేకుండా నాలుగడుగులు వేయగలగడం చిన్న విషయాలేమీ కావు.