సగటుకే పెద్దపీటా?

వరిలో క్రాసింగు చేసినవాళ్లకు తెలుసు, ఆ పని ఎంత సున్నితమో. వెన్ను పొట్టలోంచి సగం పైకి వచ్చిన సాయంత్రం, ఒక్కో పువ్వు కొసను కత్తెరతో తుంచి లోపలి ఆరు కేసరాలనూ లాగెయ్యాలి. ఒక్కటి మిగిలినా ఆ పువ్వు తన పుప్పొడితో తనే గింజ కట్టి మన శ్రమను మట్టిపాలు చేస్తుంది. కవరు తొడిగి, మర్నాడు పొద్దెక్కి పూలు విచ్చే వేళకు మగమొక్క వెన్ను తెచ్చి దులపాలి. ఇంతా చేస్తే దక్కేది కొద్ది గింజలు. అందుకే ఏ రెండింటిని కలపాలన్నది బ్రీడరుకు అన్నిటికంటే ఖరీదైన నిర్ణయం. దాన్ని ఇప్పటికీ సగం లెక్కతోనే తీసుకుంటున్నాం. నా బాధంతా అదే.

ఆ సగం లెక్క పేరు సగటు. తల్లి విలువా తండ్రి విలువా కూడి సగం చేస్తే పిల్లల సగటు చాలావరకు తెలిసిపోతుంది. అయితే రైతు చేతిలో పెట్టేది సగటు మొక్కనా? వందల్లోంచి ఏరి ఏరి నిలబెట్టిన ఒక్కదాన్ని. అది ఎంత ఎత్తుకు పోగలదో చెప్పేది పిల్లల మధ్య ఉండే తేడా. మేము వేరియన్స్ అంటాం.

ఒక క్రాసు పిల్లల సగటు ఎకరాకు 30 బస్తాలు, ఇంకోదానిది 29 అనుకుందాం. జన్యుపరంగా వచ్చే ప్రామాణిక విచలనం, అంటే ఆ వేరియన్స్ వర్గమూలం, మొదటి దాంట్లో ఒక బస్తా, రెండో దాంట్లో రెండున్నర. నూటికి అయిదు మేలైన వాటిని గురి తప్పకుండా ఏరితే, వాటి సగటు ఆ విచలనానికి సుమారు రెండింతలు పైన ఉంటుంది. మొదటిది 32 దగ్గర ఆగిపోతుంది, రెండోది 34కు చేరుతుంది. పొలంలో ఏరిక కొంత గురి తప్పుతుంది కాబట్టి రెండూ ఇంకాస్త తగ్గుతాయి. అయినా క్రాసులు ఖరారు చేసే సమావేశంలో నెగ్గేది మాత్రం 30 ఉన్నదే! సగటునూ తేడానూ కలిపి చూడాలని జర్మనీలో ష్నెల్, ఉట్జ్ 1975లోనే సూత్రం రాసిపెట్టారు.

కలపకముందే పిల్లల తేడా ఎలా తెలుస్తుందని అప్పట్లో అడిగితే, అది న్యాయమైన ప్రశ్నే. 2001లో మ్యూవిస్సెన్, హేస్, గొడార్డ్ క్రోమోజోముల పొడవునా ఉన్న డీఎన్ఏ గుర్తులు, అంటే మార్కర్లన్నిటి ప్రభావాన్నీ ఒకేసారి అంచనా కట్టే దారి చూపాక ఆ సాకు చెల్లదు. ఒక క్రోమోజోము మీద దగ్గరదగ్గరగా రెండు మంచి జన్యువులున్నాయనుకోండి. రెండూ తల్లి వైపువే అయితే పిల్లలకు జోడుగా వస్తాయి, లేదా జోడుగా పోతాయి. అప్పుడు పిల్లలు బాగా విడిపోతారు. ఒకటి తల్లిదీ ఒకటి తండ్రిదీ అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని పిల్లలంతా ఒకే తీరుగా ఉంటారు. జన్యువులు అవే, సగటూ అదే, కూర్చిన తీరు మాత్రం వేరు. మార్కర్ల ప్రభావాలూ వాటి మధ్య దూరాలూ తెలిస్తే ఈ తీరును ఒక్క గింజ నాటకుండానే కంప్యూటరు మీద లెక్కగట్టవచ్చు.

సాంబమసూరి తినని తెలుగిళ్లు ఎన్ని? 1986లో బాపట్ల నుంచి వచ్చిన ఆ బీపీటీ 5204 వంశంలో సన్నగింజ జీఈబీ 24, తైవాన్ పొట్టిరకం టీఎన్ 1, మసూరి ఉన్నాయి. పోలికలేని వాటిని కలిపే ధైర్యం చేశారు కాబట్టే సన్నబియ్యమూ పొట్టి మొక్కా ఒక్కచోటికి వచ్చాయి. ఆనాటివాళ్లకు కన్నూ అనుభవమూ తప్ప వేరే ఆధారం లేదు. మనకు లెక్క ఉంది, వాడం.

నాలుగేళ్ల కిందట అలాంటి ఒక సమావేశానికి నేను క్రాసుల జాబితా పట్టుకెళ్లాను. చివరి కాలమ్‌లో ప్రతి క్రాసుకూ మార్కర్లతో కట్టిన వేరియన్స్ అంచనా రాశాను. ఒకదానికి సగటు కాస్త తక్కువ, తేడా అన్నిటికంటే ఎక్కువ. “సగటు లేదు కదండీ, పక్కన పెట్టండి” అన్నారు. చివరి కాలమ్ దాకా ఎవరి చూపూ రాలేదు. ఆ క్రాసు ఈనాటికీ చేయలేదు.

వేరియన్స్ అంచనా సగటు అంచనా అంత గట్టిగా నిలవదంటారు. ఒప్పుకుంటాను. సగటు తేడాలు పెద్దవైన చోట సగటే నెగ్గుతుందన్నదీ నిజమే. అయితే అంచనాను దేనితో సరిచూస్తున్నాం? ఒక క్రాసు నుంచి 30 వరసలే కొలిస్తే, పొలంలో దొరికే వేరియన్సే నూటికి పాతిక అటూ ఇటూ ఊగుతుంది. పైగా బాగాలేని మొక్కల్ని ముందే పీకేస్తాం. తేడా కొలవాలంటే ఆ ఓడిన మొక్కలు కూడా కావాలి. సాక్షుల్ని బయటికి పంపేసి సాక్ష్యం చాలలేదనడం అన్యాయం.

క్రాసుల మీద సంతకం పెట్టే పెద్దలకు నా మనవి ఇదొక్కటే. వచ్చే సీజను జాబితాలో సగటు పక్కన వేరియన్స్ కాలమ్ ఉందో లేదో చూడండి, లేకపోతే అడగండి. నాలుగైదు క్రాసుల్లోనైనా ఒక్క మొక్కనూ పీకకుండా కోత దాకా ఉంచి, మంచీ చెడూ అన్నిటినీ తూకం వేయించండి.